శాక్సోఫోన్ నోట్లో కుక్కిన గుడ్డ

సూరత్ లింబాయత్‌లో జాజ్ వాయించేవాడు ఒకడున్నాడంటే ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోనివ్వండి. ఆ ఒకణ్ణి నేనే. మామూలు రోజుల్లో కార్ఖానాలో మరమగ్గాలు బాగుచేసే మిస్త్రీని. పెళ్లిళ్ల సీజనులో బ్యాండు మేళంలో శాక్సోఫోన్ ఊదేవాణ్ణి. జాజ్ అంటే చల్లని హాల్లో సూటు వేసుకుని కూర్చుని వినేదని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నాకది నేర్పిన మనిషి మాత్రం ఎర్ర కోటు వేసుకుని, ముందు గుర్రాన్నీ వెనక జనరేటరు బండినీ పెట్టుకుని, నడిరోడ్డు మీద నేర్పాడు.

మేమంతా ఆయన్ని ఉస్తాదు అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ఏదో హోటల్లో జాజ్ వాయించాడట. హోటళ్లు బ్యాండ్లను మాన్పించాక సూరత్ వచ్చి పెళ్లి మేళంలో చేరాడు. మందు అమ్మని రాష్ట్రంలో జాజ్‌కు పెళ్లిళ్లే దిక్కు అని తనమీద తనే నవ్వుకునేవాడు. ఆయన నేర్పిన పద్ధతి ఒక్కటే. పాటను మొదటిసారి ఉన్నదున్నట్టు వాయించు. రెండోసారి నుంచి దాని గురించి నీకేమనిపిస్తుందో చెప్పు. ముందుగా రాసుకుని రావద్దు, అక్కడే, అప్పుడే పుట్టించి చెప్పు. ఆయన ఊరికి తిరిగి వెళ్లిపోయేటప్పుడు తన పాత శాక్సోఫోన్ నా చేతికిచ్చాడు. ఇంకెవరికో ఇచ్చి ఉండవచ్చు, ఇవ్వలేదు. అందుకని అది నాదని గట్టిగా చెబుతాను.

పెళ్లి ఊరేగింపులో నాకేమనిపిస్తుందో ఎవడికి కావాలి? నిజమే. కానీ సూరత్‌లో గరనాలా ఉంది. రైలు పట్టాల కింది నుంచి పోయే దారిని ఇక్కడ అలాగే అంటారు. లింబాయత్ నుంచి బయల్దేరిన పెళ్లి ఊరేగింపు ఎంత మంచి ముహూర్తంలో కదిలినా ఆ దారిలో ఇరుక్కోవలసిందే. చీరల మూటల టెంపోలు, షేరింగు ఆటోలు, అన్నీ అక్కడే ముక్కులు గుద్దుకుంటాయి. మా బ్యాండు యజమానికి ఒకే ఒక్క రూలుండేది. "సుర్ టూటా తో జనతా గయీ," అనేవాడు. మోత ఆగిందంటే ఆడేవాళ్లు చెదిరిపోతారని ఆయన భయం. పాట అయిపోయి దారి తెరుచుకోకపోతే ఆయన నాకేసి చెయ్యి ఊపేవాడు. ఇక ఆ ట్రాఫిక్ జామ్ తేలేదాకా రాజ్యం నాది. ఏది తోస్తే అది వాయించుకునేవాణ్ణి. నా జాజ్ మొత్తం ట్రాఫిక్ పోలీసుల దయ.

సాధన చేసే చోటు మాత్రం దొరకలేదు. మేముండేది వరసగా గదులు కట్టిన చాల్‌లో ఒకే గది. మొదటిసారి ఇంట్లో ఊదిన రోజు పక్కింటాయన చపాతీ కర్రతో గోడమీద బాదాడు. ఆ గోడ ఎంత పలచనంటే, అటు తాలింపు వేస్తే ఇటు తుమ్ములొస్తాయి. రెండోసారి ఊదితే మళ్లీ బాదాడు. ఆయన్ని ఏమన్నా లాభం లేదు, ఆ కర్ర ఎప్పుడూ చేతికి అందేచోటే ఉండేది.

అందుకని శాక్సోఫోన్ తీసుకుని కార్ఖానాకు పోయాను. నా షిఫ్టు అయిపోయాక, నూలు చుట్టిన బీములు పేర్చిన మూలన నిలబడి ఊదేవాణ్ణి. చుట్టూ సాంచాలు నడుస్తుండేవి. మా కరీంనగర్ వైపు మరమగ్గాన్ని సాంచ అంటాం. ఒక షెడ్డులో అన్ని సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లం అందరం చేతి సైగలతో మాట్లాడుకుంటాం. నేను ఊదుతుంటే వాళ్లకు వినపడేది కాదు, బుగ్గలు ఉబ్బడం మాత్రం కనపడేది. దూరం నుంచి తమ బుగ్గలు ఉబ్బించి, కళ్లు తేలేసి నన్ను వెక్కిరించేవాళ్లు. నేనూ చేత్తో జవాబు చెప్పేవాణ్ణి, ఆ సైగ ఇక్కడ వర్ణించను.

ఏళ్ల తరబడి అలాగే నేర్చుకున్నాను. కొన్నాళ్లకు ఫోనులో అమెరికా వాళ్ల వాయింపు దొరికింది. వాళ్ల వరుసలు ముక్కముక్క పట్టుకుని, సాంచాల మోతలో అరగదీసి, గరనాలా కింద గుమ్మరించేవాణ్ణి. ఎన్ని స్వరాలు పడితే అంత గొప్ప అనుకునే రోజులవి. ఊపిరి పీల్చడానికి కూడా ఆగేవాణ్ణి కాదు. యజమానికి అదే నచ్చేది. నీ బాజా రింగ్ రోడ్ దాకా వినపడుతుందని పదిమంది ముందు మెచ్చుకునేవాడు. మా ఆవిడ ఒకసారి బంధువుల పెళ్లిలో విని ఇంటికొచ్చాక అడిగింది.

"గంత లావు ఊదుడెందుకు? పెండ్లికొడుకుకు చెవుడున్నదా ఏంది?"

"జాజ్ అంటే గట్లనే ఉంటది," అన్నాను.

"ఏమో. ఎవలతోనో కొట్లాడుతున్నట్టున్నది."

ఆమెకు సంగీతం తెలియదులే అనుకుని అన్నం తిన్నాను.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగాయి. మాలాగే పనికొచ్చిన మా ఊరోళ్లు దొరికిన బండి పట్టుకుని కరీంనగర్ వైపు వెళ్లిపోయారు. మమ్మల్ని కూడా రమ్మన్నారు. ఈ ఊళ్లో ఇన్నాళ్లు పనిచేశాం, రోగం వచ్చిందని దొంగల్లా ఎందుకు పోవాలని నేను మొండికేశాను. మా ఆవిడ నాకంటే మొండిది, మూట కూడా కట్టలేదు. కార్ఖానా సేటు తాళంచెవి నాకిచ్చాడు. సాంచాలు తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు వచ్చి నూనె వెయ్యమన్నాడు. పోలీసులు ఆపితే చూపించడానికి చీటీ కూడా ఇచ్చాడు. నేను నూనె డబ్బాతో పాటు శాక్సోఫోన్ కూడా పట్టుకుపోయాను.

ఆ మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. తలుపు తీస్తే షెడ్డులో చప్పుడు లేదు. నా చెప్పుల చప్పుడు నాకే కొత్తగా వినపడింది. నూనె వేసి, చేతులు తుడుచుకుని, నా మూలన నిలబడి, గరనాలా కింద అందరూ మెచ్చుకున్న నా వరుస ఒకటి ఎత్తుకున్నాను.

ఎత్తుకున్న వెంటనే ఆపేశాను. అది నా వాయింపని నమ్మలేకపోయాను. ప్రతి స్వరం కీచుగా ఉంది. మోతమీద నెగ్గాలని పళ్లు బిగించి ఊదీ ఊదీ, శ్రుతి కన్నా పైకి ఎక్కి కూర్చుంది. మళ్లీ ఎత్తుకున్నాను. ఈసారి నడక కూడా లేదని తెలిసింది. వాక్యం వాక్యానికీ పరుగు పెడుతున్నాను. ఇన్నేళ్లూ తాళం నాలో ఉందనుకున్నాను, అది సాంచాల్లో ఉంది. మగ్గంలో నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటుంటే దానిమీద ఆనుకుని నిలబడ్డాను. అది ఆగితే నేను పడిపోయాను. జాజ్ నేర్చుకోవడానికి మరమగ్గాల షెడ్డు ఎంచుకున్నవాడు ప్రపంచంలో ఇంకొకడు ఉండడు, ఈ దెబ్బ తగలడానికి. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, అక్కడ ఎవరున్నారు చూడ్డానికి.

ఆ ఏడుపులోనే ఒక తిక్క పని చేశాను. మెయిను వేసి ఒక సాంచను నడిపించాను. దానిమీద నూలు లేదు, ఉత్తిగా కొట్టుకుంది. దాని పక్కన నిలబడి వాయిస్తే ప్రాణం లేచొచ్చింది. పాత వాయింపు, పాత వేగం, అంతా నా చేతికి వచ్చేసింది. హాయిగా ఉంది. అంత హాయిగా ఉండటమే నాకు నచ్చలేదు. నేను దీనికి పుట్టానా, ఇది నాకు పుట్టిందా అనిపించి, కోపంతో మెయిను ఆర్పేశాను. నిశ్శబ్దంలో మొదటి నుంచి మొదలుపెట్టాను. ఒక్క స్వరం పట్టుకుని, అది వణక్కుండా నిలిచేదాకా ఊదడం. పిల్లలు చేసే పని. నెరిసిన మీసంతో చేశాను.

లాక్‌డౌన్ సడలించేనాటికి నా శబ్దం కొంచెం మనిషి గొంతులా అయ్యింది. మరుసటి ఏడు రెండో వేవ్ వచ్చి నన్ను పట్టుకుంది.

ఆసుపత్రి సంగతులు రాయను. అందరి ఇళ్లలోనూ ఉన్నాయి అవి. బతికి బయటపడ్డాను, అంతే. బయటికి పంపేటప్పుడు డాక్టరు నా చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, అందులో బంతులు లేచేలా రోజూ గాలి పీల్చమన్నాడు. నేను శాక్సోఫోన్ ఊదవచ్చా అని అడిగాను. ఆయన తలెత్తి చూశాడు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి, ఇక ఆ పని మర్చిపొమ్మన్నాడు. ఎన్నాళ్లు అని అడిగాను. మర్చిపోవడానికి ఎన్నాళ్లేమిటి అన్నాడు.

మంచి మనిషే, నన్ను బతికించాడు. అయినా ఆ మాట విన్నప్పుడు ఆయన్ని కొట్టాలనిపించింది. చేయి లేపే బలం లేక ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక మా బావమరిది పరామర్శకు వచ్చి, గూట్లో ఉన్న శాక్సోఫోన్ వైపు చూశాడు.

"బావా, గది అమ్మెయ్యి. ఇత్తడి రేటు మంచిగున్నది. ఇగ నువ్వేడ ఊదుతవ్?"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ అందుకుంది.

"నీ బండి అమ్ముకోరాదు. పెట్రోలు రేటు చూస్తలేవా? మా ఇంట్ల సామాను మీద పడ్డవేంది?"

వాడు చాయ్ తాగకుండానే లేచాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది.

కార్ఖానాకు మళ్లీ పోగలిగే బలం వచ్చాక, సెలవు రోజున, సాంచాలు ఆగి ఉన్నప్పుడు శాక్సోఫోన్ పట్టుకుపోయాను. పైస్వరాలకు పోతే ఛాతీ పట్టేసేది. ఊపిరి బిగించాల్సిన చోటల్లా దగ్గు. కింది స్వరాలు మాత్రం మెల్లగా ఊదితే పలికేవి. అవి కూడా నాలుగైదు పలికేసరికి ఊపిరి అయిపోయేది. ఆగి పీల్చుకోవాలి. మళ్లీ నాలుగైదు. వెనకటికి ఒక్క ఊపిరిలో గరనాలా దాటించేవాణ్ణి, ఇప్పుడు వాక్యం సగంలో తెగిపోతోంది. తెగుతుందని ముందే తెలుసు కనుక, ఉన్న ఊపిరిలో ఏ స్వరం కావాలో ముందే తేల్చుకోవలసి వచ్చేది. అలా తేల్చుకుంటుంటే, ఇన్నేళ్లూ నేను వాయించిన వాటిలో ముప్పాతిక మువ్వీసం అక్కర్లేని స్వరాలని అర్థమైంది. ఆగిన చోట భయపడటం మానేశాను. ఆగడం కూడా వాయింపులో భాగమేనని ఉస్తాదు ఎప్పుడో చెప్పాడు, అప్పుడు నేను సాంచాల చెవులతో విన్నాను. ఇది నా బలహీనత అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఇది నా మూడో వాయింపు. మొదటి రెంటికన్నా మంచిది.

ఈ మాట బ్యాండు యజమానికి చెప్పబోయాను. ఆ శీతాకాలం పెళ్లిళ్లు మొదలయ్యాయి. కర్ఫ్యూ భయానికి ఊరేగింపులన్నీ పగటిపూటే, జనం కూడా తక్కువ. నేను రెండు ముక్కలు వాయించి చూపించాను. మధ్యలో ఆగినప్పుడల్లా ఆయన ముఖం చిట్లించాడు. పాట నడిపే లీడు ఇప్పుడు కీబోర్డుకు ఇచ్చేశానన్నాడు. "తుమ్ డమ్మీ మే ఖడే రహో. ఘర్ కా ఆద్మీ హో," అని భుజం తట్టాడు.

డమ్మీ అంటే పెళ్లి మేళాలవాళ్లకు తెలుసు. మేళంలో ఎర్ర కోట్లు ఎక్కువ కనపడాలని పెళ్లివారు కోరతారు. వాయించేవాళ్లు అంతమంది ఎక్కడ దొరుకుతారు? అందుకని కూలి అడ్డా మీది మనుషులకు కోటు తొడిగి, చేతికి ఏదో ఒక వాద్యమిచ్చి వరుసలో నిలబెడతారు. వాళ్లు సరదాకు ఊదకుండా వాద్యం నోట్లో, అంటే మోత బయటికొచ్చే వెడల్పు కొసలో, గుడ్డ కుక్కుతారు. నేను ఇంటి మనిషిని కాబట్టి నాకు డమ్మీ ఉద్యోగం.

కాదనవలసింది. అనలేదు. ఎర్ర కోటు తొడుక్కుని మళ్లీ గరనాలా దాకా నడవాలని ఉండింది, అదే నిజం. పెళ్లిరోజు మధ్యాహ్నం వరుసలో నిలబడ్డాక యజమాని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి గుడ్డలు కుక్కుకుంటూ పోయాడు. నా దగ్గర ఆగుతాడనుకోలేదు. ఆగాడు. పాత పాలిస్టరు చీర ముక్క ఒకటి ఉండచుట్టి, ఉస్తాదు నాకిచ్చిన శాక్సోఫోన్ నోట్లో కుక్కాడు.

"సబ్ కా ఏక్ హీ రూల్," అన్నాడు నవ్వుతూ, అందరికీ ఒకటే రూలని.

ఒళ్లంతా మండింది. అయినా నడిచాను. ఉత్త వేళ్లు ఆడిస్తూ, బుగ్గలు ఉబ్బిస్తూ నడిచాను. షెడ్డులో నన్ను వెక్కిరించినవాళ్లు చేసింది అదే కదా. ఇప్పుడు నన్ను నేనే వెక్కిరించుకుంటున్నాను.

గరనాలా వచ్చింది. ఎప్పటిలాగే ఇరుక్కున్నాం. వెనక జనరేటరు బండికీ మాకూ మధ్య ఒక టెంపో దూరింది, స్పీకరు తీగ లాక్కుపోయి కీబోర్డు గప్‌చిప్. ట్రంపెట్ల వాళ్లు తమకొచ్చిన ఒక్క ముక్కా వాయించి ఆగారు. డోలు ఒక్కటే మిగిలింది. ఆడేవాళ్లు చేతులు దించారు. యజమాని అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు.

కింది స్వరాలు శాక్సోఫోన్ నోట్లోంచే బయటికి రావాలి. నాకు మిగిలినవి ఆ కింది స్వరాలే. గుడ్డ పట్టుకుని లాగేసి ప్యాంటు జేబులో కుక్కుకున్నాను.

పెళ్లిపాటనే ఎత్తుకున్నాను, మెల్లగా. నాలుగు స్వరాలు. ఆగాను. ఆ గోడల మధ్య అవి తిరిగి నా దగ్గరికే వచ్చాయి. డోలు కొట్టేవాడు నన్ను చూసి మోత తగ్గించి, వేలితో ఒక్క దెబ్బ వేశాడు. మళ్లీ మూడు స్వరాలు. "భర్! భర్ దే!" అని యజమాని అరుస్తున్నాడు, ఖాళీ నింపమని. నింపలేదు. అంతలో పైన రైలు పోయింది. గరనాలా మొత్తం అదిరింది. పాత నేనైతే దానిమీద గెలవాలని పళ్లు బిగించేవాణ్ణి. ఇప్పుడు శాక్సోఫోన్ దించి, రైలు మొత్తం పోయేదాకా ఆగి, అది వదిలిన చోటినుంచి అందుకున్నాను. ఎవరూ ఆడలేదు. ఎవరూ వెళ్లిపోలేదు కూడా. గుర్రం మీద పెళ్లికొడుకు మాస్కు కిందికి లాగి నన్నే చూస్తున్నాడు. దారి తెరుచుకునేదాకా వాయించాను. దగ్గు ఒక్కసారి వచ్చింది, అది కూడా ఖాళీలోనే పడింది.

గరనాలా దాటాక పెళ్లికొడుకు తండ్రి యజమానితో ఏదో గొడవపడ్డాడు. యజమాని నేరుగా నా మీదికి వచ్చాడు.

"శాదీ మే మాతమ్ బజాయా తూనే!"

పెళ్లిలో ఏడుపు వాయించానట.

"మాతమ్ తో మై అస్పతాల్ మే ఛోడ్ ఆయా," అన్నాను. ఏడుపు ఆసుపత్రిలోనే వదిలేసి వచ్చాను, ఇది వేరే.

కోటు ఇప్పమన్నాడు. రోడ్డు మీదే, అందరి ముందూ. ఇప్పి చేతికిచ్చాను. బనీనుతో, భుజాన శాక్సోఫోన్‌తో లింబాయత్ సందుల్లో నడుచుకుంటూ ఇంటికొచ్చాను. తలదించుకుని నడిచానని ఎవరైనా చెబితే అబద్ధం.

మా ఆవిడ గడపలో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తోంది.

"కోటేది?"

"గుంజుకున్నడు."

"బాజా?"

"నాదే."

"మరింకేంది? ఇంట్లకు రా. ఏం ఊదినవో జర నాక్కూడ ఊదు."

"పక్కింటాయన?"

"ఉంటే ఉన్నడు."

గోడకు ఆనుకుని కూర్చున్నాను. జేబులో ఆ చీరముక్క ఉంది. దానితో శాక్సోఫోన్ నోరు తుడిచి, అదే పాట, అవే నాలుగు స్వరాలు ఊదాను. ఆగాను.

అటునుంచి చపాతీ కర్ర పడింది. టక్. సరిగ్గా ఖాళీలో.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను మూడు స్వరాలు ఊది, ఆగి, ఆ దెబ్బ కోసం చూశాను. పడింది. మళ్లీ ఊదాను.